చెక్ ఇంజన్ లైట్ బ్లింక్ అవుతోందా? ప్లగ్గా, కాయిలా ఇలా తేల్చండి

గత నెల సూర్యాపేట దాటాక మా పెట్రోల్ కారు కుదుపులు మొదలుపెట్టింది. చెక్ ఇంజన్ లైట్ బ్లింక్ అవుతోంది. ఇలాంటప్పుడు బండి అలాగే నడపకండి. మండని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, దాని ఖరీదు ప్లగ్ కంటే చాలా ఎక్కువ.

పక్కకు ఆపి, బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌ని ఫోన్‌కి కనెక్ట్ చేశా. కోడ్ పీ0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. కారణం ప్లగ్గా, కాయిలా అన్నది కోడ్ చెప్పదు. మా కారులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్ ఉంటుంది. ఇంజన్ చల్లారాక రెండో కాయిల్‌ని మూడోదాని ప్లేస్‌లో, మూడోదాన్ని రెండోదాని ప్లేస్‌లో పెట్టి, కోడ్ క్లియర్ చేసి స్టార్ట్ చేశా. పీ0303 వస్తే కాయిల్ పోయినట్టే. కానీ మళ్లీ పీ0302నే వచ్చింది, అంటే మొదటి అనుమానం ప్లగ్ మీదే. దగ్గర్లోని మెకానిక్‌తో విప్పిస్తే ప్లగ్ పింగాణీకి పగులు కనిపించింది. ప్లగ్గుల సెట్ మార్చాక కుదుపులు పోయాయి, కాయిల్ డబ్బులు మిగిలాయి.

లోపం ఎక్కడుందో స్కానర్ చెబుతుంది. ఎందుకో మనమే డీబగ్ చేసుకోవాలి.