తుపాను కబురు వినగానే ఎవరి పని ఏంటి?

పై వీడియోలో కనిపిస్తున్న పశువుల పాక పద్మనాభంలో మాదే. కూలిపోతే మళ్లీ కట్టుకున్నాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. మధ్యలో కాసేపు తెరిపిచ్చింది. అయిపోయిందనుకుని నాన్న, నేను ఆవునీ దూడనీ పాకలోకి తోలి కట్టేశాం. అది తుపాను కన్ను అని మాకు తట్టలేదు. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి అందుకుంటుంది. పాక కూలింది. ఆవు దక్కింది, దూడ దక్కలేదు. రబీకి దాచిన ఉలవలు, దేశీ బీర, ఆనప విత్తనం తడిసి పాడైపోయాయి.

హెచ్చరిక ముందే వచ్చింది, మేమూ విన్నాం. విన్నాక ఎవరేం చేయాలో మాత్రం అనుకోలేదు. మా తప్పు అదే.

వాతావరణ శాఖ తుపాను కబురు దశలవారీగా ఇస్తుంది. మా రైతులం ఇప్పుడు పనులు అలాగే పంచుకున్నాం.

72 గంటల ముందు: మురుగు కాలువలు తీయాలి. విత్తనం గాలి చొరని డబ్బాల్లో పోసి, సగం వేరే పక్కా ఇంట్లో పెట్టాలి.

48 గంటల ముందు: తయారైన గెలలు, కూరగాయలు కోసేయాలి. మిగతా అరటికి వెదురు పోట్లు పెట్టాలి. ఘనజీవామృతం బస్తాలు శ్లాబు కిందకి చేర్చాలి.

24 గంటల ముందు: పశువులను మెరక మీదికి తోలి పలుపులు విప్పేయాలి. చెట్ల కింద, పాత పాకల్లో కట్టొద్దు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను పక్కా ఇంటికి తీసుకురావాలి. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవాలి.

గాలి ఆగితే: అధికారులు చెప్పేదాకా గడప దాటొద్దు.

తుపాను వెళ్లాక తెగిన కరెంటు తీగల జోలికి పోకండి. ముందు చేలో నీళ్లు తీసేయండి, ఆ తర్వాతే ఎకరాకు 200 లీటర్ల జీవామృతం. పాడైన పంటను సర్దకముందే ఫోటోలు తీయండి. పెట్టుబడి రాయితీకి 33 శాతం, ఆపైన నష్టం లెక్కలోకి వస్తుంది కాబట్టి ఈ-పంటలో మీ పంట ఉందో లేదో సీజన్ మొదట్లోనే చూసుకోండి.

సాయానికి 112, 1070 నంబర్లు ఉన్నాయి. కుర్రాళ్లెవరైనా ముందుకొస్తే ‘ఆపద మిత్ర’ శిక్షణ గురించి మండల ఆఫీసులో అడగండి.

ఈ వారం మీ గ్రూపు మీటింగులో ఒక కాగితం తీసుకుని, ఒక్కో పనికి ఎదురుగా ఒక్కో పేరు రాయండి. పేరు లేని పని ఆ రోజు ఎవరూ చేయరు.