బండికి హంగులు ముఖ్యమా? అవసరం ముఖ్యమా?



మా అమ్మమ్మగారి ఊరు పాడేరు దగ్గర కొండల్లో ఉంది. నాలుగేళ్ళ క్రితం వానాకాలంలో అమ్మమ్మకు జ్వరం ముదిరితే, ఊళ్ళో ఒక మావయ్య జీపులో ఆసుపత్రికి బయలుదేరాం. జీపు ముందు ఆరు పెద్ద లైట్లు, లోపల సౌండ్ బాక్సులు. టైర్లు మాత్రం అరిగి నున్నగా ఉన్నాయి. గెడ్డ దాటుతుండగా బండి బురదలో దిగబడింది. వెనుక చక్రాల్లో ఒకటి గిర్రున తిరుగుతోంది, రెండోది కదలడం లేదు. ఊరివాళ్ళు వచ్చి నెట్టేసరికి గంటన్నర పట్టింది. దేవుడి దయవల్ల అమ్మమ్మ కోలుకుంది. ఆ రెండో చక్రం ఎందుకు తిరగలేదన్న ప్రశ్నే నన్ను మోటార్ మెకానిక్ కోర్సులో చేర్పించింది.

చక్రం ఎందుకు తిరగలేదు?

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకే ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అమరుస్తారు. అది రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇస్తుంది. బురదలో జారే చక్రాన్ని తిప్పడానికి కొంచెం బలం చాలు. రెండో చక్రానికీ అంతే అందుతుంది, కనుక బండి కదలదు. డిఫరెన్షియల్ లాక్ ఉంటే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు చక్రాలకూ శక్తిని పంపుతుంది. మావయ్య జీపులో ఈ రెండూ లేవు.

ముందు ఏవి అమర్చుకోవాలి?

1. టైర్లు: లోతైన గాడులున్న టైర్లు బురదను పట్టుకుంటాయి. ఇసుకలో గాలి కొంత తగ్గిస్తే టైరు నేలపై వెడల్పుగా ఆని దిగబడదు. రోడ్డెక్కగానే మళ్ళీ గాలి నింపాలి.

2. బయటకు లాగే సామాను: గట్టి పట్టీ, షాకిల్స్, పార, మెత్తటి నేలలో జాకీ కింద పెట్టడానికి చెక్క పలక. పట్టీని ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే తగిలించాలి. లాగేటప్పుడు మనుషులు దూరంగా నిలబడాలి.

3. బరువు: టాపు మీద సామాను పెరిగేకొద్దీ బండి బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది.

4. స్నార్కెల్: ఇంజనుకు గాలిని ఎత్తు నుండి అందించే గొట్టం. నీరు సిలిండర్లలోకి పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అయితే ఈ గొట్టం ఉంది కదా అని వరదలోకి దిగరాదు.

తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. కాబట్టి ఏ మార్పుకైనా ముందు రవాణా శాఖ నిబంధనలు తెలుసుకోవాలి.

ఎవరి బండి వారిది

రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం అవసరం జీపును పుట్టించింది. 1948లో ఇంగ్లండులో ఉక్కు కొరత వల్ల ల్యాండ్ రోవర్‌కు అల్యూమినియం బాడీ వచ్చింది. లాస్ ఏంజిల్స్‌లో మెక్సికన్ సంతతి యువకులు కార్లను నేలకు ఆనేంతగా దించి రంగులు వేస్తారు. మన హైదరాబాదులో సుధాకర్ యాదవ్ గారు వంకాయ, చెప్పు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డు సాధించింది. ఈ బండ్లు గెడ్డ దాటలేవు. అయినా వాటిలో వెల్డింగ్ పనితనం, ఓపిక ఉన్నాయి. కొండదారి బండి వాళ్ళు వాటిని చూసి నవ్వడం తగదు.

మిత్రులారా! మావయ్య జీపుకు లైట్లు ఉండటం తప్పు కాదు. టైర్ల కంటే ముందు అవి రావడమే తప్పు. మొన్న సెలవుల్లో ఈ మాట చెబితే ఆయన నవ్వి, "చదువుకున్నోడివిరా" అన్నాడు. ఇప్పుడు ఆ జీపుకు నాలుగు కొత్త టైర్లున్నాయి. సీటు కింద పట్టీ, పార ఉన్నాయి. పాటలు కూడా మోగుతూనే ఉన్నాయి!

- ఐ.టి.ఐ. విద్యార్థి, మోటార్ మెకానిక్, రెండవ సంవత్సరం