అవసరమా? అర్హతా?
అమెరికా ఫుట్‌బాల్‌లో కళాశాల క్రీడాకారుల ఎంపిక – ఒక పరిశీలన

ఫుట్‌బాల్ అన్న మాట వినగానే మనకు స్ఫురించేది కాలితో తన్నే గుండ్రని బంతి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అదే పేరుతో వ్యవహరింపబడే ఆట పూర్తిగా వేరు. అక్కడి బంతి కోలగా ఉంటుంది. దానిని చేతితో విసురుతారు, చంకలో ఇరికించుకొని పరుగెత్తుతారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగలేని జట్టు బంతిని ఎదుటి వారికి వదులుకోవాలి. మైదానంలో ఒక్కొక్క పక్షాన పదకొండుగురే నిలిచినా, దాడి చేసే పదకొండుగురు వేరు, అడ్డుకునే పదకొండుగురు వేరు. అందుచేత ఒక వృత్తి జట్టులో 53 మంది ఉంటారు. వారిలో ఎవరి పని వారిదే. బంతిని విసిరి ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో, అతనికి కోటగోడవలె నిలిచే భారీకాయుడు పనికిరాడు. ఆ భారీకాయుని స్థానంలో క్వార్టర్‌బ్యాక్ ఒక్క నిమిషమైనా నిలువలేడు.

ఇన్ని భిన్నమైన పనులకు ఇందరు మనుష్యులను ఎక్కడ నుండి తెస్తారు? కళాశాలల నుండి. ఆ తెచ్చే పద్ధతికే డ్రాఫ్ట్ అని పేరు. ప్రతి వసంతంలోనూ అక్కడి అభిమానులు తమ జట్టుకు కావలసినదేమిటి, ఈ సంవత్సరం పట్టభద్రులలో దానిని తీర్చగలవాడెవడు అని నెలల తరబడి తర్కించుకుంటారు. ఆ తర్కంలో విద్యార్థులమైన మనకు కూడా పనికివచ్చే పాఠం ఒకటి ఇమిడి ఉన్నది. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విధానం – పుట్టుక

1930ల ప్రారంభంలో ప్రతిభ గల కళాశాల ఆటగాడు తనకు నచ్చిన జట్టులో చేరేవాడు. సహజంగానే ధనబలమూ కీర్తిబలమూ గల జట్లే ఉత్తములను ఎగరవేసుకుపోయేవి. ఓడిన జట్టు ఓడుతూనే ఉండేది. ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు యజమాని బెర్ట్ బెల్ 1935లో ఒక ప్రతిపాదన చేశాడు. దాని సారాంశం ఇది: గత సంవత్సరం అందరికంటె అడుగున నిలిచిన జట్టు మొదట కోరుకోవాలి, అందరికంటె పైన నిలిచిన జట్టు చివర కోరుకోవాలి. ఆ ప్రకారం మొదటి ఎంపిక 1936లో జరిగింది. అందులో మొట్టమొదట పిలువబడిన పేరు చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జే బెర్వాంగర్. విచిత్రమేమంటే ఆ యువకుడు వృత్తి ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు.

నేడు 32 జట్లు ఏప్రిల్ చివర మూడు దినాలపాటు ఏడు వరుసలలో ఎంపిక జరుపుకుంటాయి. ఉన్నత పాఠశాల విడిచి మూడు సంవత్సరాలైనా గడిచిన వారే ఇందుకు అర్హులు. ఒక జట్టు తన వంతును మరొక జట్టుకు ఇచ్చి, బదులుగా వేరే వంతులను పుచ్చుకొనవచ్చు. బలహీనునికి ముందు వరుసలో చోటివ్వడం ఈ పద్ధతిలోని న్యాయం. తాను ఏ ఊరిలో, ఎవరి కింద పని చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ యువకునికి లేకపోవడం ఇందులోని లోపం. ఈ రెండింటినీ మనం గుర్తుంచుకోవాలి.

చీటీ చూచుకొని కొనుటా, సరుకు చూచి కొనుటా?

సంతకు వెళ్ళే గృహస్థు చేతిలో చీటీ ఉంటుంది. ఇంట్లో కందిపప్పు నిండుకున్నదని అందులో వ్రాసి ఉన్నది. సంతలో చూడగా కందిపప్పు పుచ్చినది. బియ్యం మాత్రం మేలైనవి, చౌకగా ఉన్నవి. ఇంట్లో బియ్యం బస్తా ఇంకా తరుగలేదు. ఆయన ఏమి కొనాలి? డ్రాఫ్ట్ గురించి అభిమానులు చేసే వాదాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. చీటీని నమ్మేవారు అవసరవాదులు. సరుకును నమ్మేవారు అర్హతవాదులు.

రెండు ఉదాహరణలు చూద్దాం. 2005లో గ్రీన్‌బే ప్యాకర్స్ జట్టులో బ్రెట్ ఫావ్ర్ అనే మహా క్రీడాకారుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నాడు. ఆ స్థానంలో వారికి కొరత లేదు. కాని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరన్ రాజర్స్‌ను ఒక జట్టు తరువాత మరొక జట్టు దాటవేయగా, అతడు 24వ వంతు వరకు మిగిలిపోయాడు. ప్యాకర్స్ చీటీని పక్కన పెట్టి అతనిని తీసుకున్నారు. మూడు సంవత్సరాలు అతడు పెద్దవాని వెనుక కూర్చుండి పని నేర్చుకున్నాడు. 2010 క్రీడా సంవత్సరంలో అదే రాజర్స్ ఆ జట్టును సూపర్‌బౌల్ విజేతగా నిలిపాడు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ బాస్కెట్‌బాల్‌లో కలదు. 1984లో పోర్ట్‌లాండ్ జట్టుకు రెండవ వంతు వచ్చింది. వారికి క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే మంచి గార్డ్ అప్పటికే ఉన్నాడు. కావలసినది మధ్యస్థానంలో నిలిచే పొడగరి. చీటీ ప్రకారం శామ్ బౌవీని తీసుకున్నారు. బౌవీ గాయాలతో బాధపడ్డాడు. మూడవ వంతు గల చికాగో జట్టు తీసుకున్న యువకుని పేరు మైకేల్ జోర్డన్.

అయితే అవసరాన్ని పూర్తిగా విస్మరించమని దీని అర్థం కాదు. పదిమంది విసిరేవారు ఉండి, పట్టేవాడు ఒక్కడూ లేని జట్టు ఆట ఆడలేదు. వివేకం గల అభిమాని నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు. మొదటిది: ఇప్పుడున్న వాని వయస్సెంత, ఒప్పందం ఎప్పటికి ముగుస్తుంది? ఈనాటి సమృద్ధి మూడేళ్ళలో కరవు కావచ్చు. రెండవది: ఈ స్థానానికి తగినవారు లోకంలో ఎందరున్నారు? మంచి క్వార్టర్‌బ్యాక్‌లు ఎప్పుడూ అరుదే. మూడవది: ఈ సంవత్సరం ఈ స్థానంలో మంచివారు ఎక్కువగా ఉన్నారా? ఉంటే రెండవ, మూడవ వరుసల వరకు ఓపిక పట్టవచ్చు. నాలుగవది: మనకు తెలిసినది ఎదుటి జట్లకు కూడా తెలుసునా? ఈ నాలుగవ ప్రశ్నను చాలామంది మరచిపోతారు. దానిని గురించి ముందు ముందు చెప్పుకుందాం.

అవసరం మనిషి కళ్ళకు గంతలు కూడా కడుతుంది. 1998లో శాండియాగో చార్జర్స్‌కు క్వార్టర్‌బ్యాక్ అత్యవసరం. మూడవ వంతు నుండి రెండవ వంతుకు ఎగబ్రాకడానికి వారు ఎంతో మూల్యం చెల్లించారు. మొదటి వంతులో ఇండియానాపొలిస్ జట్టు పేటన్ మానింగ్‌ను తీసుకోగా, రెండవ వంతులో వీరు రయాన్ లీఫ్‌ను తీసుకున్నారు. ఎంపికకు ముందు ఇద్దరిలో ఎవరు మేలన్న విషయంపై నిపుణులలోనే భేదాభిప్రాయాలుండేవి. తరువాత మానింగ్ ఐదుసార్లు అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యాడు. లీఫ్ క్రీడాజీవితం నాలుగైదు సంవత్సరాలలోనే ముగిసింది. మరి రెండేళ్ళకు, 2000లో, టామ్ బ్రేడీ అనే మిషిగన్ విద్యార్థి 199వ వంతు వరకు ఎవరికీ కనబడలేదు. ఆ తరువాత అతడు ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచాడు. గడియారంతో పరుగును కొలువవచ్చు, త్రాసుతో బరువును తూచవచ్చు. ఒత్తిడిలో చెదరని బుద్ధిని కొలిచే సాధనం ఇంకా తయారు కాలేదు.

చూడని చోట చూచినవాడు

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 1933లో స్థాపించబడిన జట్టు. నలభై ఏళ్ళపాటు ఒక్క విజేత పదవి కూడా దానికి దక్కలేదు. 1969లో చక్ నోల్ శిక్షకుడుగా వచ్చిన మొదటి సంవత్సరం 14 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచింది. అటువంటి జట్టు 1974 నుండి 1979 వరకు గల ఆరు క్రీడా సంవత్సరాలలో నాలుగు సూపర్‌బౌల్‌లు గెలిచింది. ఈ మార్పు వెనుక నిలిచిన వారిలో బిల్ నన్ ఒకరు.

నన్ మొదట పాత్రికేయుడు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతీయుల వార్తాపత్రికలో క్రీడావిభాగం నిర్వహించేవాడు. ఆనాటి పరిస్థితిని కొంత తెలుసుకోవాలి. 1934 నుండి 1945 వరకు వృత్తి ఫుట్‌బాల్‌లో నల్లజాతి క్రీడాకారుడు ఒక్కడూ లేడు. దక్షిణ రాష్ట్రాలలోని పెద్ద విశ్వవిద్యాలయాల జట్లు ఇంకా ఎంతో కాలం వారికి తలుపులు తెరువలేదు. అందువలన ప్రతిభ గల నల్లజాతి యువకులు తమ సమాజం కోసం నెలకొల్పబడిన చిన్న కళాశాలలలో చదివేవారు, అక్కడే ఆడేవారు. లూసియానాలోని గ్రాంబ్లింగ్ కళాశాలలో ఎడ్డీ రాబిన్సన్ 1941లో శిక్షకుడుగా ప్రవేశించి 1997 వరకు అక్కడే పనిచేసి 408 విజయాలు సాధించాడు. కాని ఆ మైదానాల వైపు వృత్తి జట్ల ప్రతినిధులు చాలాకాలం తొంగి చూడలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న చందాన, కళ్ళ ముందున్న నిధి వారికి ఆనలేదు.

నన్ తన పత్రికలో ఏటేటా ఆ కళాశాలల నుండి ఉత్తమ క్రీడాకారుల జట్టును ఎంపిక చేసి ప్రకటించేవాడు. ఆ శిక్షకులందరూ అతనికి ఆప్తులు. 1960ల చివర స్టీలర్స్ అతనిని తమ అన్వేషకుడుగా చేర్చుకున్నారు. సదరన్ విశ్వవిద్యాలయం నుండి 1970లో మెల్ బ్లౌంట్ మూడవ వరుసలో వచ్చాడు. 1974 నాటి ఎంపిక చరిత్రకెక్కింది. మొదటి వరుసలో లిన్ స్వాన్, రెండవ వరుసలో జాక్ లాంబర్ట్, నాలుగవ వరుసలో జాన్ స్టాల్‌వర్త్, ఐదవ వరుసలో మైక్ వెబ్‌స్టర్. ఎంపికలో ఎవరూ పిలువని డానీ షెల్ తరువాత చేరాడు. ఈ ఐదుగురూ వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో చోటు పొందారు. వీరిలో స్టాల్‌వర్త్ అలబామా ఏ అండ్ ఎం నుండి, షెల్ సౌత్ కరోలినా స్టేట్ నుండి వచ్చినవారు. రెండూ నల్లజాతీయుల కళాశాలలే.

స్టాల్‌వర్త్‌ను మొదటి వరుసలోనే తీసుకోవాలని శిక్షకుడు ఆరాటపడగా, అతని విలువ ఇతరులకు ఇంకా తెలియదు గనుక ఆగవచ్చునని అన్వేషకులు నచ్చజెప్పారని అంటారు. మనం ముందు వాయిదా వేసిన నాలుగవ ప్రశ్నకు సమాధానం ఇదే. ఎదుటివాడు చూడని చోట చూడగలిగినవాడు అవసరానికీ అర్హతకూ మధ్య తగవు పడవలసిన పని లేదు. అతనికి రెండూ దక్కుతాయి. 2021లో నన్ పేరు కూడా కీర్తిమందిరంలో చేర్చబడింది. అప్పటికి అతడు మరణించి ఏడేళ్ళయింది.

కథ ఇక్కడితో సుఖాంతమైనదని అనుకోరాదు. పెద్ద విశ్వవిద్యాలయాలు తలుపులు తెరిచిన తరువాత ప్రతిభావంతులు అటు తరలిపోయారు. నన్ కీర్తిమందిరంలో చేరిన ఆ 2021 సంవత్సరపు ఎంపికలోనే ఈ చారిత్రక కళాశాలల నుండి ఒక్క విద్యార్థి కూడా పిలువబడలేదు. 2022లో నలుగురు పిలువబడ్డారు. తలుపు తెరిచి ఉంటే చాలదు. గుమ్మం దాటి వచ్చి చూచే కన్ను కూడా ఉండాలి.

మన సందర్భం

ఇటువంటి కన్ను మన నేలపై లేకపోలేదు. హైదరాబాదులో ఉపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుండి 1963లో మరణించేవరకు హైదరాబాదు పోలీసు జట్టుకు శిక్షకుడు. భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకానికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికి నడిపించిన గురువు ఆయనే. సికింద్రాబాదు ప్రాంతపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన చేతిలో రూపుదిద్దుకున్నవాడు.

1962 జకార్తాలో జర్నైల్ సింగ్ అనే రక్షకుడు తలకు గాయమై కుట్లు పడిన స్థితిలో ఉన్నాడు. అతనిని తన స్థానంలో ఆడించడం కష్టం. వదులుకోవడం ఇంకా కష్టం. రహీం అతనిని ముందుకు జరిపి దాడి చేసేవానిగా ఆడించాడు. దక్షిణ కొరియాపై 2–1 తేడాతో గెలిచిన అంతిమ ఆటలో ఒక గోలు పి.కె. బెనర్జీది, మరొకటి జర్నైల్ సింగ్‌ది. అంగడికి వెళ్ళి కొత్త సరుకు తెచ్చే అవకాశం లేనప్పుడు, ఇంటిలో ఉన్న దానిలోనే కొత్త గుణాన్ని కనిపెట్టడం ఉత్తమ గురువు లక్షణం.

గ్రహింపదగినవి

విద్యార్థి మిత్రులారా! మీరు రేపు ఉద్యోగానికో ఉన్నత విద్యకో వెళ్ళినప్పుడు మిమ్మల్ని ఎంపిక చేసేవారి చేతిలో కూడా ఒక చీటీ ఉంటుంది. మీ పేరు 199వది కావచ్చు. అసలు పిలువబడకనే పోవచ్చు. అది ఆనాటి వారి అవసరాన్ని గురించిన తీర్పే గాని మీ అర్హతను గురించిన తుది తీర్పు కాదు. రాజర్స్ వలె మూడేళ్ళు వెనుక కూర్చుండవలసి వచ్చినా ఆ మూడేళ్ళు పని నేర్చుకునే కాలమే.

కళాశాల పాలకవర్గం వారికి ఒక సవినయ మనవి. బిల్ నన్ మంత్రగాడు కాడు. చిన్న కళాశాలల శిక్షకులు తమ పిల్లల ఆటతీరును గుర్తు పెట్టుకొని చెప్పగలిగారు గనుకనే అతడు వారిని కనుగొనగలిగాడు. మన కళాశాలలో మార్కులకు రిజిస్టరు ఉన్నది, హాజరుకు రిజిస్టరు ఉన్నది. ఎవరు ఏ పోటీలో ఏ స్థానంలో ఆడారు, ఎవరు ఏ వక్తృత్వంలో రాణించారు, ఎవరు ఏ వ్యాసం వ్రాశారు అన్నది ఏటేటా నమోదు చేసే ఒక పుస్తకం కూడా ఉండాలి. దానికయ్యే ఖర్చు ఒక నోటుబుక్కు వెల. ఏనాడో ఒకనాడు చూచే కన్ను గలవాడు మన గుమ్మం ముందు నిలిచి, మీ వద్ద ఎవరున్నారని అడిగితే, జ్ఞాపకం చేసుకుని చెబుతామనకుండా ఆ పుస్తకం తీసి అతని చేతిలో పెట్టగలగాలి.