ఫోటో కింద పేరు

పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది. మనుషులు తొక్కుతారు. గాలి కొడుతుంది. చీమలు పిండి మోసుకుపోతాయి. కానీ ఆ ముగ్గును ఫోటో తీస్తే ఎన్నాళ్లయినా ఉంటుంది.

ఒక ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారు. అత్త ముగ్గులు బాగా వేస్తుంది. ధనుర్మాసం వచ్చిందంటే రోజుకో ముగ్గు. కోడలికి ఫోటోలంటే సరదా. ఆమె దగ్గర పెద్ద కెమెరా లేదు. ఉన్నది ఒక మామూలు సెల్‌ఫోను. దానితోనే రోజూ అత్త ముగ్గును ఫోటో తీస్తుంది.

ఫోటో తీసే ముందు

కోడలు మొదట మెత్తని నూలుగుడ్డతో ఫోను వెనక ఉన్న కెమెరా అద్దం తుడుస్తుంది. వంటింట్లో తిరిగే ఫోనుకు నూనె, పిండి అంటుకుంటాయి. అద్దం మురికిగా ఉంటే ఫోటో మసగ్గా వస్తుంది.

తర్వాత వెలుగు ఎటునుంచి వస్తోందో చూస్తుంది. తన నీడ ముగ్గు మీద పడకుండా నిలబడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కళ్లు చెదిరేలా ఉంటుంది. పొద్దుటి వెలుగు ముగ్గుకు మంచిది.

ఫోను వంకరగా పట్టుకుంటే దగ్గరి చుక్కలు పెద్దగా, దూరపు చుక్కలు చిన్నగా కనిపిస్తాయి. అందుకని ఆమె పీట ఎక్కి, ఫోనును నేలకు సమంగా, ముగ్గుకు సరిగ్గా పైన పట్టుకుంటుంది. కెమెరా సెట్టింగుల్లో గళ్ల గీతలు పెట్టుకుంది. ఆ గీతలు చూస్తే ఫోను వంగిందో లేదో తెలుస్తుంది.

ఒక్కోసారి ముగ్గు మరీ తెల్లగా మెరిసి గీతలు కలిసిపోతాయి. అప్పుడు తెర మీద ముగ్గును వేలితో తాకాలి. చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి జరిపితే వెలుగు తగ్గి గీతలు తేటగా కనిపిస్తాయి.

వెనకటి రోజుల్లో కెమెరాలో రీలు వేసేవారు. మామూలు రీలులో 36 ఫోటోలు వచ్చేవి. రీలు కడిగించాలి, ఫోటోలు వేయించాలి. అన్నిటికీ డబ్బే. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. బాగా రాకపోతే మళ్లీ తీయవచ్చు.

ముగ్గు ఎవరిది?

కోడలు ఫోటోలను వాట్సాప్‌లో ముగ్గుల గ్రూపుకు పంపేది. గ్రూపులో చాలా ఊళ్ల ఆడవాళ్లు ఉన్నారు. ఒకరి ముగ్గు చూసి ఒకరు నేర్చుకుంటారు. ఒకరోజు అత్త వేసిన నెమళ్ల ముగ్గు వేరే గ్రూపు నుంచి తిరిగి వచ్చింది. దాని కింద ఇంకెవరి పేరో ఉంది.

“అత్తయ్యా, ఇది మన ముగ్గే. మన గుమ్మమే. పేరు మాత్రం వేరే వాళ్లది” అంది కోడలు.

“పోనీలేవే. ముగ్గుకు పేరేమిటి?” అంది అత్త.

“ఎందుకుండదు అత్తయ్యా? రెండు గంటలు నడుం వంచి వేసింది నువ్వు. పీట ఎక్కి తీసింది నేను. మన పేర్లు మనం రాయలేదు. అందుకే ఇంకొకరు రాసుకున్నారు.”

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఎలా రాయాలో చూపించు” అంది.

వాట్సాప్‌లో ఫోటో పంపే ముందు పైన పెన్సిలు బొమ్మ కనిపిస్తుంది. దాన్ని తాకి, ఫోటో మీద వేలితో రాయవచ్చు. అత్త కిందటి ఏడాదే అక్షరాలు నేర్చుకుంది. మొదటిసారి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చెరిపేసింది. రెండోసారి కుదిరింది. ఇదివరకు ముద్ర వేసిన వేలితోనే ఆమె తన పేరు రాసింది.

ఇప్పుడు వాళ్లు ప్రతి ఫోటో కింద ఇవి రాస్తున్నారు:

ముగ్గు వేసినవారి పేరు.
ఫోటో తీసినవారి పేరు.
చుక్కల లెక్క. (15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు)
తేదీ.

చుక్కల లెక్క రాస్తే చూసినవాళ్లు తేలిగ్గా నేర్చుకుంటారు.

సొంత సరదాకు తీసిన ఫోటో మీద హక్కు తీసినవారిదే. 1957 నాటి కాపీరైట్ చట్టం ఈ మాట చెబుతోంది. ఇందుకు ఎక్కడా నమోదు చేయించుకోనక్కర లేదు.

హొమాయ్ వ్యారావాలా

ఈ కష్టం పెద్ద ఫోటోగ్రాఫరుకూ వచ్చింది. ఆమె పేరు హొమాయ్ వ్యారావాలా. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టారు. వార్తల కోసం ఫోటోలు తీసిన మన దేశపు మొదటి మహిళగా పేరు పొందారు. మొదట్లో ఆమె ఎవరో జనానికి తెలియదు. పైగా ఆడమనిషి. అందువల్ల ఆమె తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి.

హొమాయ్ పని మానలేదు. బరువైన కెమెరా మోసుకుని, చీర కట్టుకునే తిరిగారు. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఫోటోలు తీశారు. మెల్లగా ఆమె పేరే ఆమె ఫోటోలకు వచ్చింది. 2011లో ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 2012లో ఆమె చనిపోయారు.

గుర్తుంచుకోవలసినవి

1. మనిషి ఫోటో తీసే ముందు అడగాలి. గ్రూపుకు పంపే ముందు మళ్లీ అడగాలి. వద్దంటే తీయకూడదు.

2. ఆడపిల్లల ఫోటోలు తెలియనివారు ఉన్న గ్రూపులకు పంపవద్దు. ఎవరైనా ఫోటోను చెడుగా మార్చి బెదిరిస్తే తప్పు బెదిరించినవారిది. భయపడి దాచవద్దు. ఇంట్లో చెప్పాలి. పోలీసులకు చెప్పాలి. 181కి ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది.

3. ఫోటో ఏ చోట తీశారో ఫోను దాచిపెట్టుకోగలదు. కెమెరా సెట్టింగుల్లో ‘లొకేషన్’ ఆపేస్తే ఇంటి జాడ ఫోటోతో పోదు.

4. ఫోను పోతే ఫోటోలూ పోతాయి. ముఖ్యమైన వాటిని ఇంకోచోట కూడా దాచాలి. గూగుల్ ఫోటోస్‌లో దాచుకోవచ్చు. లేదా ఊరి స్టూడియోలో కాగితం మీద వేయించి, వెనక పేరు, తేదీ రాసుకోవచ్చు.

ప్రశ్నలు

1. ఫోనును నేలకు సమంగా ఎందుకు పట్టుకోవాలి?
2. ముగ్గు మీద ఇంకెవరి పేరో ఎలా వచ్చింది?
3. హొమాయ్ ఫోటోలు మొదట ఎవరి పేరుతో అచ్చయ్యాయి?

చేయండి

మీ ఇంట్లో పాత ఫోటో ఒకటి తీయండి. అందులో ఎవరెవరు ఉన్నారో పెద్దవాళ్లను అడగండి. ఫోటో వెనక పెన్సిలుతో మెల్లగా పేర్లు రాయండి. తెలిస్తే తేదీ రాయండి. కింద మీ పేరు రాయండి.