రోహిణి నీళ్ల నుంచి హేగ్ కోర్టు దాకా
(వాతావరణ మార్పు గురించి ఒక ధమ్మ పాఠం)



ఈ పాఠాన్ని ఒక నీళ్ల తగాదాతో మొదలుపెడదాం. మీకు తెలిసిన తగాదానే. శాక్యుల రాజ్యానికి, కోలియుల రాజ్యానికి మధ్య రోహిణి నది పారేది. ఇద్దరి పొలాలకూ ఆ నీళ్లే దిక్కు. ముందు ఎవరు పెట్టుకోవాలి, ఎంత పెట్టుకోవాలి అన్న దగ్గర రెండు వైపుల పనివాళ్లు కొట్టుకున్నారు. దెబ్బలు తగిలాయి. శాక్య సంఘంలో యుద్ధ తీర్మానం పెట్టారు.

అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ల సిద్ధార్థుడు సభలో లేచాడు. ముందు తప్పు ఎవరిదో విచారించండి అన్నాడు. మనవాళ్ల వైపు కూడా తప్పు ఉందని చెప్పాడు. మన నుంచి ఇద్దరు, వాళ్ల నుంచి ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎంచుకున్న అయిదో మనిషి, ఈ అయిదుగురూ తగువు తీర్చాలని ప్రతిపాదించాడు. సభలో ఆ ప్రతిపాదన ఓడిపోయింది. ఓడినా ఆయన మాట మార్చుకోలేదు. ఇల్లు వదలడానికైనా సిద్ధపడ్డాడు. సిద్ధార్థుని గృహత్యాగానికి బాబాసాహెబ్ "బుద్ధుడు – ఆయన ధమ్మం"లో చూపించిన కారణం ఇదే.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ఒకటి, కష్టం వస్తే శాపమని కూర్చోకుండా కారణం వెతకాలి. రెండు, కారణం వెతికేటప్పుడు మనవాళ్లు, పరాయివాళ్లు అని చూడకూడదు. మూడు, తెలిసిన నిజాన్ని సభలో లేచి చెప్పాలి. ఈ మూడూ చేతిలో పెట్టుకుని ఇవాళ ప్రపంచం మొత్తాన్ని కదిలిస్తున్న ఒక విషయం చూద్దాం. అదే వాతావరణ మార్పు.

దుఃఖం ఏమిటి?

2015 మే నెల మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. వడదెబ్బ ఎవరికి తగులుతుంది? ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు కాదు. పొలంలో కూలికి వంగినవాళ్లకు, ఉపాధి పనిలో మట్టి తవ్వేవాళ్లకు, ఇటుక బట్టీలో, రోడ్డు పనిలో ఉన్నవాళ్లకు, రేకుల ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మకు తగులుతుంది. ఎండ కులం అడగదు. కానీ ఎండలో ఎవరు పని చేయాలో, ఎవరు నీడపట్టున ఉండాలో ఈ సమాజం ఎప్పుడో కులం చూసి నిర్ణయించింది. వరదైనా అంతే. ఊరు మెరక మీద ఉంటుంది. వాడ చాలాచోట్ల పల్లంలో ఉంటుంది. నీళ్లు ముందు ఎవరి గడపకు వస్తాయో మీకు చెప్పనక్కర్లేదు.

కారణం ఏమిటి?

కారణం లేకుండా ఏదీ పుట్టదు. ఇదే ప్రతీత్య సముత్పాదం. దీన్ని గాలికి కూడా అన్వయించి చూడండి. బొగ్గు, పెట్రోలు, సహజ వాయువు తగలబెడితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది భూమి చుట్టూ దుప్పటిలా పనిచేసి, బయటికి పోవాల్సిన వేడిని ఆపేస్తుంది. యంత్రాల యుగానికి ముందు, గాలిని పది లక్షల పాళ్లు అనుకుంటే ఈ వాయువు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. దుప్పటి మందమైంది, భూమికి జ్వరం వచ్చింది.

2015 డిసెంబర్‌లో పారిస్‌లో ప్రపంచ దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. పాత రోజులతో పోలిస్తే భూమి వేడి పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా లోపల ఉంచాలి, 1.5 డిగ్రీల దగ్గర ఆపడానికి ప్రయత్నించాలి అన్నాయి. ఈ 1.5 మీద గట్టిగా పట్టుబట్టింది పెద్ద దేశాలు కాదు, సముద్రంలో మునిగిపోతామని భయపడుతున్న చిన్న చిన్న దీవుల దేశాలు. 2018లో ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం లెక్క కట్టి చెప్పింది: 1.5 దగ్గర ఆగాలంటే ఈ వాయువును 2010తో పోలిస్తే 2030 నాటికి సుమారు 45 శాతం తగ్గించాలి. అలా తగ్గలేదు. 2024లో ప్రపంచ సగటు వేడి మొదటిసారి ఏడాది పొడవునా లెక్కలో 1.5 దాటింది. ఒక్క ఏడాది దాటినంత మాత్రాన ఒప్పందం చచ్చిపోయినట్టు కాదు. కానీ సమయం తక్కువుందని తెలియడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

ఇది పూర్వజన్మ కర్మ కాదు

"ఏం చేస్తాం, మన రాత" అనే మాట ఇంకా మన ఇళ్లలో వినిపిస్తోంది. "పాపాలు పెరిగాయి, అందుకే ఎండలు" అనేవాళ్లూ ఉన్నారు. బాబాసాహెబ్ ఈ ఆలోచననే వేళ్లతో సహా పెకిలించారు. పేదవాడి కష్టానికి వాడి పూర్వజన్మను కారణంగా చూపితే, ఈ జన్మలో కష్టపెట్టినవాడు తప్పించుకుంటాడు. ధమ్మం దుఃఖాన్ని గుర్తించమంటుంది, తొలగించే దారి పట్టమంటుంది. మనిషి చేసినదాన్ని మనిషే సరిచేయాలి.

ఇక రెండో శీలం గుర్తుచేసుకోండి. అదిన్నాదానా వేరమణి, అంటే ఇవ్వనిది తీసుకోకుండా ఉండటం. రోజూ విహారంలో చెప్పుకుంటాం. జేబు కొట్టకపోతే చాలు, శీలం నిలిచిందనుకుంటాం. మరి ఆకాశం ఎవరిది? ప్రపంచంలో బాగా డబ్బున్న పదో వంతు జనమే ఈ వాయువుల్లో దాదాపు సగానికి కారణం. కింది సగం జనం మొత్తం కలిసినా సుమారు పదో వంతుకే కారణం. పేదల వాటా గాలిని, ఇంకా పుట్టని బిడ్డల వాటా గాలిని ఎవరూ ఇవ్వకుండానే వాడేసుకున్నారు. దీనికి అదిన్నాదానం కాక వేరే పేరేముంది?

ఇరవై ఏడుగురు విద్యార్థులు

ఈ మాటను సభలో లేచి అడిగినవాళ్లున్నారు. 2018 ఆగస్టులో గ్రెటా థున్‌బర్గ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి బడి మానేసి స్వీడన్ పార్లమెంటు ముందు ఒంటరిగా అట్ట పట్టుకుని కూర్చుంది. ఏడాది తిరిగేసరికి ఎన్నో దేశాల్లో లక్షలాది పిల్లలు వీధుల్లోకి వచ్చారు. ఈ సంగతి పేపర్లలో వచ్చింది. అంతగా రాని సంగతి ఒకటి చెప్పుకుందాం.

పసిఫిక్ సముద్రంలో, ఆస్ట్రేలియాకు తూర్పున వనువాటు అనే దేశం ఉంది. ఎనభైకి పైగా చిన్న దీవులు, సుమారు మూడు లక్షల జనం. 2015 మార్చిలో పామ్ తుఫాను ఆ దేశాన్ని నేలమట్టం చేసింది. ఆ దేశ రాజధాని పోర్ట్ విలాలో సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయం శాఖ ఉంది. ఈ విశ్వవిద్యాలయానికి ప్రధాన కేంద్రం ఫిజీలో ఉంది. ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలీలుగా ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి ఉన్న ఫిజీయే అది. 2019లో పోర్ట్ విలా తరగతి గదిలో 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులు ఒక ప్రశ్న వేసుకున్నారు: మేం చేయని తప్పుకు మా దీవులు మునుగుతున్నాయి, దీని గురించి ప్రపంచంలోనే పెద్ద కోర్టు ఏమంటుంది?

వాళ్ల దగ్గర డబ్బు లేదు, సైన్యం లేదు. ఉన్నది చదువు ఒక్కటే. సంఘం పెట్టుకున్నారు. పసిఫిక్ దేశాల నాయకులకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం ఆ మాట అందుకుంది. ఒక్కో దేశాన్నీ ఒప్పించుకుంటూ వెళ్లారు. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వచ్చింది. నూట ముప్పైకి పైగా దేశాలు దాన్ని బలపరిచాయి. సిద్ధార్థుని ప్రతిపాదన నాడు సభలో ఓడింది. ఈ పిల్లల తీర్మానం ఓటింగ్ అక్కర్లేకుండానే ఏకాభిప్రాయంతో నెగ్గింది.

2024 డిసెంబర్‌లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో అంతర్జాతీయ న్యాయస్థానం విచారణ జరిపింది. తొంభైకి పైగా దేశాలు వాదనలు వినిపించాయి. 2025 జులై 23న న్యాయమూర్తులందరూ ఒకే మాటగా అభిప్రాయం చెప్పారు. వాతావరణాన్ని కాపాడటం దేశాల దయాదాక్షిణ్యం కాదు, చట్టపరమైన బాధ్యత. ఆ బాధ్యత తప్పితే అది అంతర్జాతీయ చట్టం ప్రకారం తప్పు. ఆ తప్పును ఆపాలి, మళ్లీ చేయకూడదు, నష్టానికి సంబంధం రుజువైతే పరిహారం కూడా ఇవ్వాల్సి రావచ్చు. ఇది సలహా అభిప్రాయమే, దీనితో ఎవరికీ జరిమానా పడదు. కానీ "దానం చేయండి" అని అడిగే చోట ఇప్పుడు "బాకీ తీర్చండి" అని అడగవచ్చు. ఈ తేడా మనకు బాగా తెలుసు. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ దోసిట్లోకి నీళ్లు తీసుకున్నది దయ అడగడానికి కాదు, హక్కు నిలబెట్టడానికి.

బౌద్ధులు ఊరుకున్నారా?

లేదు. 2009లో వివిధ సంప్రదాయాల బౌద్ధ గురువులు కలిసి వాతావరణ మార్పుపై ఒక ప్రకటన ఇచ్చారు. మొదటి సంతకం దలైలామాది. 2015లో పారిస్ సమావేశానికి ముందు మళ్లీ ఇచ్చారు. థాయిలాండ్‌లో 1980ల చివరి నుంచి కొందరు భిక్షువులు అడవి చెట్లకు కాషాయ వస్త్రం చుట్టడం మొదలుపెట్టారు. ఇది చెట్టు పూజ అనుకోకండి. చెట్టులో దేవుడున్నాడని కాదు వాళ్లు చెప్పింది. చీవరం చుట్టిన చెట్టు మీద గొడ్డలి వేయడానికి చేయి రాదని, అలా అడవి నిలుస్తుందని. అది ఉపాయ కౌశల్యం.

"ఇది డబ్బున్నోళ్ల ఉద్యమం కదా?"

ఈ ప్రశ్న మన యువకులు అడుగుతారు. అడగాలి కూడా. బొగ్గు ఆపేయమంటే సింగరేణి కార్మికుడి కూడు ఏం కావాలి? ఇంకా పంకా కూడా సరిగ్గా తిరగని ఇంటికి కరెంటు తగ్గించుకోమని చెప్పడం న్యాయమా? కాదు. ఎక్కువ వాడినవాళ్లు ఎక్కువ తగ్గించాలి. కార్మికుడికి వేరే పని, వేరే జీతం చూపించి మార్పు తేవాలి. కార్మికులకు న్యాయం జరిగేలా మార్పు ఉండాలని పారిస్ ఒప్పందంలోనే రాసుకున్నారు. భోగానికీ, పస్తుకూ మధ్య దారి ఒకటుందని తథాగతుడు చూపించాడు. ఈ వాదన అక్కడ వినిపించాలంటే మనవాళ్లు అక్కడ ఉండాలి. మనం లేని సభలో మన వాటా ఎవరు అడుగుతారు?

చట్టం కూడా మన చేతిలో ఉంది. 2024 మార్చిలో బట్టమేక పిట్టల కేసులో, అంటే మన రోళ్లపాడులో ఒకప్పుడు కనిపించిన పిట్టల గురించిన కేసులో, సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. వాతావరణ మార్పు చెడు ఫలితాల బారిన పడకుండా ఉండే హక్కు ప్రజలకు ఉందని, రాజ్యాంగంలోని 14, 21 అధికరణలే దానికి ఆధారమని చెప్పింది. సమానత్వం, జీవించే హక్కు. బాబాసాహెబ్ ఆధ్వర్యంలో రాసిన ఆ రాజ్యాంగమే ఎండలో కూలికి కూడా గొడుగు.

మనం ఏం చేయాలి?

మొదట బోధించాలి. ఆదివారం విహారంలో ఒక గంట ఈ విషయానికి ఇవ్వండి. వడదెబ్బ గుర్తులు అందరికీ నేర్పండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మతి తప్పితే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గాలి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

తర్వాత కూడగట్టాలి. మన వాడలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల జాబితా రాసుకోండి. ఎండలు ముదిరిన రోజు ఎవరు ఏ ఇంటికి వెళ్లి చూడాలో పంచుకోండి. మన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణుల పట్ల కరుణ ఉంది. దానికి ఇంతకన్నా దగ్గరి ఆచరణ లేదు.

ఆ తర్వాత అడగాలి. పని చోట నీడ, తాగునీళ్లు ఉన్నాయా? పని వేళలు పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కే లోపు ముగిస్తున్నారా? వాడలో వాన నీళ్లు పోయే కాలువ ఉందా? గ్రామసభలో లేచి అడగండి. కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. మొదటిసారి ఓడిపోవచ్చు. సిద్ధార్థుడు కూడా మొదటిసారి ఓడిపోయాడు.

కలిసి చర్చించుకోండి

1. మీ ఊళ్లో ఎండకు, వరదకు ముందుగా దెబ్బతినేది ఎవరు? ఎందుకు?
2. "మన రాత" అన్న మాటకు ధమ్మం తెలిసినవాళ్లుగా మీరేం జవాబు చెబుతారు?
3. రాబోయే గ్రామసభలో మీ విహారం తరఫున అడగాల్సిన ఒక్క విషయం ఏమిటి? ఎవరు లేచి అడుగుతారు?

మూడో ప్రశ్నకు ఒక పేరు రాసుకున్నాకే ఈ పుస్తకం మూసేయండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!