బ్రాంచి తప్పిందనిపించినప్పుడు

ఇంజనీరింగ్ రెండో ఏడాది దాటేసరికి చాలామంది నోట ఒకే మాట వినిపిస్తుంది: ఈ బ్రాంచి తీసుకోకుండా ఉండాల్సింది. సివిల్ వాళ్లు కంప్యూటర్ సైన్స్ వైపు ఆశగా చూస్తారు. కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో కొందరు కోడింగ్ తమ వల్ల కావడం లేదని లోలోపల కుమిలిపోతారు. బైపీసీ చదివి మెడికల్ సీటు చేజారాక బీఫార్మసీలోనో బీఎస్సీలోనో చేరినవాళ్ల దిగులు ఇంకొక రకం. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన బాధ కాదు. నచ్చని పుస్తకం ముందు నాలుగేళ్లు కూర్చోవడం నిజంగానే కష్టం. అయితే ఈ బాధలో రెండు వేర్వేరు ప్రశ్నలు చిక్కుముడి పడి ఉంటాయి. చేతిలో ఉన్న డిగ్రీని ఏం చేయాలన్నది ఒకటి, ఏ రంగంలో బతకాలన్నది మరొకటి. రెండూ ఒకటే అనుకున్నవాళ్లలో కొందరు చదువు మధ్యలో మానేస్తారు, మరికొందరు పట్టా వచ్చింది కదా అని ఇష్టంలేని రంగంలోనే ఉండిపోతారు. కోర్సు సగం దాటినవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఒక్కటే: డిగ్రీ పూర్తిచేయండి, రంగం మార్చుకోండి. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుంది.

ముందు ఆ ఎంపిక ఎలా జరిగిందో చూడాలి. మన రాష్ట్రాల్లో పదిహేడేళ్ల పిల్లలు ఒక ఎంట్రన్స్ ర్యాంకు చేత్తో పట్టుకుని, కొద్ది రోజుల గడువులో వెబ్ ఆప్షన్లు పెడతారు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్న వరుస చాలా ఇళ్లలో నాన్నో, బాబాయో, ఇంటర్ కాలేజీ లెక్చరరో చెప్పినట్టు సాగుతుంది. సర్వేయింగ్ అంటే ఏమిటో, థర్మోడైనమిక్స్ ఎలా ఉంటుందో రుచి చూసే వీలే అప్పటికి ఉండదు. పైగా ఏ బ్రాంచికి గిరాకీ ఉందన్నది ఏటికేడు మారుతూ ఉంటుంది. ఒకప్పుడు ఈసీఈ, మెకానికల్ సీట్ల కోసం పోటీపడిన కుటుంబాలే ఇప్పుడు కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సులు తప్ప మరో మాట ఎత్తడం లేదు. 2024-25 విద్యా సంవత్సరం నుంచి ఏఐసీటీఈ సీట్ల సంఖ్యపై ఉన్న గరిష్ఠ పరిమితిని సడలించడంతో ఆ ఒరవడి ఇంకా బలపడింది. సీటు తీసుకున్న రోజుకీ ఉద్యోగం వెతికే రోజుకీ మధ్య నాలుగేళ్ల దూరం ఉంది. అంత ముందుగా మార్కెట్‌ను ఊహించలేకపోవడాన్ని ఎవరూ తమ తప్పుగా రాసుకోనక్కర్లేదు.

ఈ విచారం మనకే ప్రత్యేకమూ కాదు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఏటా జరిపే కుటుంబాల సర్వేలో, చదివిన సబ్జెక్టు మీద విచారం గురించి కూడా అడిగారు. 2021 సర్వేలో కళలు, మానవీయ శాస్త్రాలు చదివినవాళ్లలో దాదాపు సగం మంది వేరే సబ్జెక్టు తీసుకుని ఉంటే బాగుండేదన్నారు. ఇంజనీర్లలో సైతం సుమారు నాలుగో వంతు మంది అదే మాట అన్నారు. మంచి జీతాలకు పేరుపడ్డ చదువులోనే నలుగురిలో ఒకరు విచారిస్తున్నారంటే, సరైన కోర్సు దొరికితే విచారమే ఉండదన్న నమ్మకం నిలబడదు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు జేసన్ ఏబెల్, రిచర్డ్ డైట్జ్ చేసిన అధ్యయనం ప్రకారం, అక్కడి పట్టభద్రుల్లో తమ డిగ్రీ సబ్జెక్టుకు దగ్గరి ఉద్యోగంలో ఉన్నవాళ్లు 27 శాతమే. మన పరిస్థితిని ఆ అంకెలతో కొలవలేం, నిజమే. అయినా చదివిన సబ్జెక్టూ చేసే పనీ ఒకటిగా ఉండటమే లోకరీతి అన్న మన ఊహను అవి గట్టిగానే కదిలిస్తాయి.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, విచారం దేని మీద అన్నది. సబ్జెక్టు మీదా? కాలేజీ మీదా? క్యాంపస్‌కు కంపెనీలు రాకపోవడం మీదా? పక్కింటి అబ్బాయికి వచ్చిన ప్యాకేజీ మీదా? పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. పాఠం సరిగా చెప్పేవాళ్లు లేక సబ్జెక్టు మీద విసుగు పుట్టి ఉంటే, ఎన్‌పీటీఈఎల్‌లో అదే సబ్జెక్టును ఐఐటీ ఆచార్యుల దగ్గర ఒక నెల విని చూడవచ్చు. అప్పుడూ మనసు పట్టకపోతే అది సబ్జెక్టు మీది విచారమే. వెళ్లాలనుకుంటున్న రంగానికీ ఇదే పరీక్ష పెట్టాలి. దూరం నుంచి చూసి డేటా సైన్స్ ఇష్టమనడం వేరు, మూడు నెలలు గణాంకశాస్త్రం లెక్కలు చేశాక కూడా ఇష్టమనడం వేరు. ఈ రెండో పరీక్ష పెట్టుకోకుండా రంగం మారినవాళ్లకు పాత విచారం స్థానంలో కొత్తది వచ్చి చేరుతుంది. చాలామంది తడబడేది ఇక్కడేనని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత లెక్క. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. నాటకాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. ఎవరికి ఏది దక్కిందన్నది యాదృచ్ఛికం. పూర్తి డబ్బు కట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకం మీది ప్రేమలో తేడా లేదు, తేడా అంతా కట్టిన డబ్బులోనే. నాలుగేళ్లు మెకానికల్ చదివాను, లక్షలు పోశాం, ఇప్పుడెలా వదిలేది అనే మాటలో ఉన్నదీ ఆ టికెట్ లెక్కే. పెట్టిన ఖర్చు ఏ దారిలో వెళ్లినా తిరిగి రాదు. ఇక ముందు పెట్టబోయే ఏడాదికి ఏం వస్తుందన్నదే చూడాలి.

అలాగైతే ఇష్టంలేని డిగ్రీ పూర్తిచేయమనడం కూడా అదే పొరపాటు కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. జవాబు గడిచిన ఏళ్లలో లేదు, మిగిలిన ఏళ్లలో ఉంది. మన దేశంలో ‘ఏదైనా డిగ్రీ’ అన్న రెండు మాటలు చాలా తలుపులు తెరుస్తాయి. సివిల్ సర్వీసెస్, గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు పీవో పోస్టులకు ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా చాలు. క్యాట్‌కూ అంతే, కనీస మార్కులు ఉంటే సరి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో, ఐసెట్ రాసి ఎంబీఏలో చేరవచ్చు. గణితం నేపథ్యం ఉన్నవాళ్లకు ఎంసీఏ కూడా ఇప్పుడు రెండేళ్ల కోర్సే. గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపర్ ఉంది, దాన్ని సివిల్ విద్యార్థి కూడా రాయవచ్చు. ప్రవేశం ఇచ్చేముందు ఏ డిగ్రీలను అంగీకరిస్తారో మాత్రం ఒక్కో సంస్థ నిబంధన చూసుకోవాలి. మూడో ఏడాదిలో మానేసినవాళ్లకు ఈ తలుపులన్నీ మూసుకుంటాయి. ఇంకో ఏడాదిన్నర చదివితే తెరుచుకుంటాయి. ఆ ఏడాదిన్నర పాత ఖర్చుకు కట్టే కప్పం కాదు, కొత్త దారికి కొనే టికెట్.

అంతవరకు ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన అవసరమూ లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్‌లో, ఇంటర్ పాసై క్వాలిఫయర్ దాటినవాళ్లు వేరే డిగ్రీ చదువుతూనే చేరవచ్చు. రెండు బరువులు మోయడం అందరి వల్లా కాదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు అసలు అటు చూడకపోవడమే మంచిది.

వెంకట్రామన్ రామకృష్ణన్ 1976లో ఒహాయో యూనివర్సిటీలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అప్పుడు మనసు జీవశాస్త్రం మీదికి మళ్లింది. డాక్టరేట్ చేతిలో ఉన్నా, శాన్ డియాగోలో మళ్లీ విద్యార్థిగా చేరి రెండేళ్లపాటు జీవశాస్త్రం చదువుకున్నారు. రైబోజోమ్ నిర్మాణంపై చేసిన కృషికి 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్నారు. హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాకే అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు వెళ్లారు. ఇలాంటివాళ్లు కోటికొకరు, సామాన్య విద్యార్థికి వాళ్లతో పోలికేమిటన్నది న్యాయమైన అభ్యంతరం. వాళ్ల విజయాన్ని ఎవరికీ హామీ ఇవ్వలేం. నేను చూపుతున్నది వాళ్లు నడిచిన వరుసను: చేతిలోది ముగించారు, తర్వాత మారారు, మారినచోట మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు. ఆ మూడో పని అన్నిటికన్నా కష్టం. పీహెచ్‌డీ ఉన్న మనిషి మళ్లీ క్లాసులో కూర్చున్నారు. బీటెక్ ఉన్నవాళ్లు జూనియర్ల పక్కన కూర్చోవడం చిన్నతనమేమీ కాదు.

ఈ వాదన చెల్లని చోట్లూ ఉన్నాయి. డాక్టర్, నర్సు, ఫార్మసిస్టు, ఆర్కిటెక్ట్ కావాలంటే ఆ కోర్సే చదివి తీరాలి, వేరే డిగ్రీ దానికి దారి కాదు. మెడిసిన్ మీదే గట్టి మనసున్నవాళ్లు మొదటి ఏడాదిలోనే నిర్ణయం తీసుకోవాలి. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించారు కాబట్టి వయసు అడ్డు కాదు, కానీ సీటు వస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. మొదటి ఏడాదిలోనే సబ్జెక్టు అసలు ఎక్కడం లేదని తేలిపోయినా మారడమే మేలు, ముందున్న మూడేళ్లు చాలా విలువైనవి. డబ్బు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు, మానేసి కొత్తగా చేరితే అది మళ్లీ వర్తిస్తుందో లేదో కాలేజీలోనూ సంక్షేమ శాఖ కార్యాలయంలోనూ ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ ఒక్క జవాబు మీదే నిర్ణయమంతా ఆధారపడి ఉండవచ్చు.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలి. బ్రాంచి నచ్చలేదు కాబట్టి హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ వెళ్లి గ్రూప్స్ కోచింగ్‌లో చేరతామనేవాళ్లు చాలామంది. పాలన మీద, ఆ సిలబస్ మీద ఇష్టంతో వెళ్తే అది మంచి దారి. దేన్నుంచో తప్పించుకోవడానికి వెళ్తే, నోటిఫికేషన్లు, వాయిదాలు, కోర్టు కేసుల మధ్య నాలుగైదేళ్లు తెలియకుండానే కరిగిపోతాయి. అక్కడికి వెళ్లేవాళ్లు ఎన్ని ప్రయత్నాలు, ఏ సంవత్సరం వరకు అన్నది ముందే కాగితం మీద రాసుకుని ఇంట్లో చూపించాలి.

ఇంట్లో మాట్లాడటం చాలామందికి పరీక్షకన్నా భయం. నాన్నా, ఈ చదువు నాకొద్దు అంటే ఆయనకు వినిపించేది తన కష్టం వృథా అయిందన్న మాటే. డిగ్రీ పూర్తిచేస్తానన్న మాట ముందు చెప్పి, ఏ రంగానికి మారాలనుకుంటున్నారో, దాన్ని ఎన్ని నెలలు చదివి చూశారో, ఎంత ఖర్చవుతుందో, కుదరకపోతే ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తారో వివరిస్తే సంభాషణ వేరుగా నడుస్తుంది. ఆ నాలుగింటిలో ఏదైనా ఖాళీగా ఉంటే, ఇంట్లో చెప్పేముందు దాన్ని నింపడానికి ఈ సెమిస్టర్ సెలవులు వాడుకోండి.