మూత విప్పే ముందు

లాల్‌పేట్, చంద్రపూర్

చిరంజీవి అల్లుడికి,

మంచిర్యాలలో ఈసీఎం, అంటే ఇంజనును నడిపే కంప్యూటర్ పెట్టె రిపేరు నేర్చుకోవాలని నువ్వు పట్టుబట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషించాను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 బళ్లే అమ్ముతున్నారు. ఆ పెట్టె తెలియని మెకానిక్కు ఇకమీద సగం పనే దొరుకుతుంది.

కానీ అల్లుడూ, సాఫ్ట్‌వేర్ మార్చడం, ట్యూనింగ్ చేయడం అనే మోజులో ముందే పడకు. మొదట ఆ బోర్డు మీద ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకో.

కరెంటు దారితో మొదలుపెట్టు. బ్యాటరీ పన్నెండు వోల్టులను లోపలి రెగ్యులేటర్ విడగొడుతుంది: సెన్సర్లకు 5 వోల్టులు, చిప్పులకు 3.3, ఇన్ఫినియన్ ట్రైకోర్ లాంటి ప్రాసెసర్ లోపలి భాగానికి ఇంకా తక్కువ, 1.3 నుంచి 1.5 దాకా. ఆ 5 వోల్టుల తీగ మీదే చాలా తంటా ఉంటుంది. ఒక్క సెన్సర్ షార్టయినా ఆ వోల్టేజీ పడిపోతుంది, దాని మీద ఆధారపడ్డ మిగతా సెన్సర్ల కోడ్లు కూడా స్కానర్లో వరసగా వస్తాయి. అది చూసి తొందరపడి ‘ఈసీఎం పోయింది’ అనేస్తారు. సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడు. ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో, అక్కడే దొంగ.

ప్రాసెసర్‌కు ఇంజను కనబడదు. లోతు గనిలో వైండింగ్ ఇంజను నడిపేవాడు కింది మనిషిని చూడకుండా గంట విని బోను ఎత్తినట్టే, అది క్రాంక్ సెన్సర్ పల్సు చూసి పనిచేస్తుంది. చాలా బళ్లలో ఆ సెన్సర్ చదివే పళ్ల చక్రానికి అరవై పళ్ల చోటు ఉంటుంది, అందులో రెండు పళ్లు కావాలనే తీసేస్తారు. ఆ ఖాళీ దగ్గరే లెక్క మొదలవుతుంది. పల్సు రాకపోతే ఇంజెక్టర్ తెరుచుకోదు, అది పెట్టె తప్పు కాదు.

అసలు కాలిపోయేవి ఎక్కువగా ఔట్‌పుట్ డ్రైవర్లు, అంటే ఇంజెక్టర్లను, కాయిల్‌ను ఎర్తుకు కలిపే ట్రాన్సిస్టర్లు. పెట్రోల్ బళ్లలో మామూలు ఇంజెక్టర్ కాయిల్ 12 నుంచి 16 ఓములు ఉంటుంది, కరెంటు ఒక ఆంపియరు చుట్టూ పోతుంది. లోపలి చుట్లు షార్టయితే ఓములు తగ్గి, కరెంటు పెరిగి, ట్రాన్సిస్టర్ పోతుంది. ఇంజెక్టర్ మార్చకుండా పెట్టె మారిస్తే కొత్తదీ కాలుతుంది. డీజిల్ కామన్ రైల్ పెట్టెల్లో ఇంజెక్టర్ కోసం కెపాసిటర్లు 60 వోల్టులు దాటి నింపుకుంటాయి. బ్యాటరీ తీసినా కాసేపు ఛార్జి ఉంటుంది, చేయి పెట్టకు.

మెమరీ విషయం ఓపికగా చదువు. బాష్ డీజిల్ పెట్టెల్లో, ఈడీసీ16లో ఫ్లాష్ చిప్పు మామూలుగా విడిగా ఉంటుంది, ఈడీసీ17లో చాలావరకు ప్రాసెసర్ లోపలే ఉంటుంది. తాళం గుర్తు, ఇంజెక్టర్ కోడ్లు మెమరీలో దాచి ఉంటాయి. అందుకే ఇంకో బండి పెట్టె తెచ్చి తగిలిస్తే చాలాసార్లు స్టార్ట్ కాదు. ఏ పని చేసినా ముందు ఉన్న డేటా చదివి రెండుచోట్ల భద్రపరుచు.

మన లాల్‌పేట్ వైపు బొగ్గు దుమ్ము ఎక్కువ. అది పోగొట్టాలని ఇంజను మీద ప్రెషర్ నీళ్లు కొడతారు. పెట్టెకు గాలి ఆడే చిన్న రంధ్రం, కనెక్టర్ సీలు ఉంటాయి, ఆ జోరుకు నీళ్లు లోపలికి పోతే పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. టిప్పర్ చాసిస్‌కు వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ తీయకపోవడం ఇంకో పెద్ద తప్పు. ఎండ కూడా తక్కువేమీ కాదు. చంద్రపూర్‌లో 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, బానెట్ కింద ఇంకెంత ఉంటుందో నువ్వే ఊహించు. వేడెక్కి చల్లారి టంకం అతుకులు చిట్లుతాయి.

మరో మాట. బ్యాటరీ తీసి, డయాగ్నస్టిక్ ప్లగ్గులో 6, 14 పిన్నుల మధ్య మీటరు పెట్టు. పెట్టెల మధ్య సమాచారం మోసే క్యాన్ తీగలు బాగుంటే చాలా బళ్లలో 60 ఓముల దగ్గర చూపిస్తుంది.

ఈసీఎం పోయిందని చెప్పడం సులువు, పోలేదని చూపించడానికి గంట పడుతుంది. టాక్సీవాడి నెల సంపాదన ఆ మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆ గంట తప్పకుండా పెట్టు.

దసరాకు వచ్చేటప్పుడు నీ మల్టీమీటర్ తీసుకురా. నా దగ్గరున్న పాత బోర్డులు కలిసి విప్పుదాం.

ఇట్లు,
నీ మామ